షుగర్‌కి ప్రోబయోటిక్ మొదలుపెట్టే ముందు

చి. సౌ. సుజాతకి పెద్దనాన్న ఆశీస్సులు.

షుగర్‌కి వాడదామనుకుంటూ నువ్వు పంపిన ప్రోబయోటిక్ క్యాప్సూళ్ల (అంటే పేగులకి మేలు చేసే బ్యాక్టీరియా) డబ్బా ఫోటోలు చూశాను. మందుల షాపులో ముసలివాణ్ణయిన మనిషిని కదా, ముందు వెనకవైపే చదివాను. ఎదురుగా ‘షుగర్ కంట్రోల్’ అని అరచేతంత అక్షరాలు. వెనక మూల చీమ తలకాయంత అక్షరాల్లో ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’. నమ్మాల్సింది ఆ రెండోదాన్నే.

అలాగని అంతా బూటకం అననులే. నీలా టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ల మీద జరిగిన పరిశోధనలు కలిపి చూస్తే పరగడుపు షుగరూ, హెచ్‌బీఏ1సీ (ఎర్ర రక్తకణాల్లో అంటుకున్న చక్కెరని బట్టి రెండు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష) కాస్త తగ్గినట్టే ఉంది. ఆ కాస్త నిజంగా కాస్తే. పైగా ఒక్కో పరిశోధనలో వాడిన బ్యాక్టీరియా ఒక్కో రకం. అందుకని లేబుల్ మీద ఊరికే ‘లాక్టోబాసిల్లస్’ అని ఉంటే చాలదు, జాతి పేరు, దాని పక్కన స్ట్రెయిన్ (ఆ జాతిలో ఏ రకమో చెప్పే) గుర్తు కూడా ఉండాలి. అవి బతికున్న జీవులు. ఫ్రిజ్‌లో పెట్టమని రాసి ఉంటే, మే నెల ఎండలో కొరియర్‌లో వచ్చిన డబ్బా తీసుకోకు.

నీ షుగర్ మందు మెట్‌ఫార్మిన్ మాత్రం ఆపొద్దు, తగ్గించొద్దు. డాక్టరుకి చెప్పే మొదలుపెట్టు.

మొదలుపెట్టే ముందు హెచ్‌బీఏ1సీ చేయించు, మూడు నెలలకి మళ్లీ చేయించు. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు, అందుకే పది రోజులకే చూస్తే ఏమీ తేలదు. నడకా, అన్నం తగ్గించడం ముందు అలవాటు కానివ్వు. అన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టావంటే సందట్లో సడేమియా, పేరంతా క్యాప్సూల్ కొట్టేస్తుంది.

ఇంట్లో తోడుపెట్టిన పెరుగు ఎలాగూ ఉంది, చక్కెర వేయకుండా తిను. చద్దన్నం మంచిదే కానీ అదీ అన్నమే, కొలత దాటొద్దు. గోరుచిక్కుడు, పెసలు లాంటి పీచున్నవి తింటేనే పేగుల్లోని బ్యాక్టీరియాకి మేత. తీపి కలిపిన ప్రోబయోటిక్ డ్రింకుల జోలికి మాత్రం పోకు.

మొదట్లో కడుపుబ్బరం ఉండొచ్చు, టెన్షన్ పడకు. మీ అత్తగారికి కీమో నడుస్తోంది కదా, పొరపాటున కూడా ఆవిడకి ఇవ్వకు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి అరుదుగా ఈ బ్యాక్టీరియాతోనే ఇన్ఫెక్షన్ వస్తుంది.

ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నావు, దానివల్ల బీ12 విటమిన్ తగ్గొచ్చు, ఆ పరీక్ష కూడా చేయించుకో. ముందూ, తర్వాతా తీసిన రెండు హెచ్‌బీఏ1సీ రిపోర్టులూ నాకు పంపు. తేడా కనబడకపోతే మళ్లీ ఆర్డర్ పెట్టకు.

మీ పెద్దనాన్న