రాగి తీగతో ప్రాసెసర్ వేగం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా పాత ల్యాప్‌టాప్‌లో 1.6 గిగాహెర్ట్జ్ పెంటియం ఎం 725 ప్రాసెసర్, 915 జీఎం చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మెమరీతో, మిగతా భాగాలతో కలిపే చిప్‌లు) ఉన్నాయి. ప్రాసెసర్ పిన్నుల దగ్గర ఒక సన్నని రాగి తీగ పెడితే బస్ (ప్రాసెసర్‌కూ చిప్‌సెట్‌కూ మధ్య డేటా నడిచే దారి) వేగం 400 నుంచి 533కు మారి, ప్రాసెసర్ 2.13 గిగాహెర్ట్జ్‌తో నడుస్తుందని చదివాను. ఇది నిజమేనా? చేయవచ్చా?

జవాబు: నిజమే. చేయవచ్చా అన్నది మాత్రం మీ ల్యాప్‌టాప్‌లో వేడిని బయటికి పంపే హీట్‌సింక్‌నూ, ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగాలనూ చూసి తేల్చుకోవలసిన విషయం.

ప్రాసెసర్ వేగం రెండు అంకెల లబ్ధం. మదర్‌బోర్డు మీది క్లాక్ జనరేటర్ చిప్ ఇచ్చే మూల క్లాక్ ఒకటి, దాన్ని ప్రాసెసర్ లోపల హెచ్చించే గుణకం మరొకటి. మీ 725లో 100 మెగాహెర్ట్జ్‌ను 16తో గుణిస్తే 1.6 గిగాహెర్ట్జ్ వస్తుంది. ఒక్కో క్లాక్‌కు నాలుగుసార్లు డేటా పంపుతుంది కాబట్టి ఈ బస్‌ను 400 అని పిలుస్తారు. గరిష్ఠ గుణకాన్ని కర్మాగారంలోనే బిగించేశారు, దాన్ని పెంచలేం. అయితే తనకు ఎంత మూల క్లాక్ కావాలో ప్రాసెసర్ బీఎస్‌ఈఎల్ అనే పిన్నుల ద్వారా బోర్డుకు తెలియజేస్తుంది. మీరు చదివిన తీగ ఆ సంకేతాన్ని మార్చివేస్తుంది. అప్పుడు క్లాక్ జనరేటర్ 100కు బదులు 133 ఇస్తుంది, గుణకం అదే 16 కాబట్టి వేగం 2.13 అవుతుంది.

ఈ పద్ధతిలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. 133 అన్నది ఆ బోర్డుకు కొత్త అంకె కాదు, 915 జీఎం చిప్‌సెట్ 533 బస్ కోసం కూడా తయారైనదే. అందువల్ల మూల క్లాక్ మారినా పీసీఐ (ఇతర భాగాలను బోర్డుకు కలిపే దారి) వంటి మిగతా బస్‌లు తమ మామూలు వేగంలోనే ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌తో క్లాక్ జనరేటర్‌ను 112కో 118కో నెట్టినప్పుడు కొన్ని బోర్డులలో ఆ బస్‌లు కూడా వెంట పరుగెత్తుతాయి, హార్డ్ డిస్క్‌లో రాసిన డేటా చెడిపోయే ప్రమాదం అక్కడ మొదలవుతుంది. మీది 855 చిప్‌సెట్ అయి ఉంటే ఈ పని వద్దనేవాణ్ణి, ఎందుకంటే అది 400 బస్‌కే ఉద్దేశించినది.

ఇక వేడి సంగతి. మీ 725 డోథన్ అనే సంకేతనామం గల పెంటియం ఎం కుటుంబానిది; అదే కుటుంబంలో 770 అనే ప్రాసెసర్ ఉంది, అది 533 బస్‌తో సరిగ్గా 2.13 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది. 725కు ఇంటెల్ పేర్కొన్న ఉష్ణ పరిమితి 21 వాట్లు, 770కు 27 వాట్లు. వోల్టేజి మారకపోతే వేడి వేగానికి తగినట్టు పెరుగుతుంది కాబట్టి, మీ 21 వాట్లను మూడో వంతు పెంచి చూస్తే 28 వస్తుంది, రెండు లెక్కలూ దాదాపు కలుస్తున్నాయి. మీ హీట్‌సింక్ ఆ అదనపు 6, 7 వాట్లను బయటికి పంపగలగాలి. అది చాలక, వోల్టేజి కూడా పెంచవలసి వస్తే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది, ల్యాప్‌టాప్‌లో అంతదూరం వెళ్లకండి.

770 అన్న ముద్ర పడిన చిప్ ఆ వేగంలో పరీక్షకు నిలిచినది, మీది 1.6కు మాత్రమే హామీ పొందినది. అందుకే విండోస్ తెరుచుకోగానే పని అయిపోయిందనుకోవద్దు. రాత్రంతా మెమరీ పరీక్ష, ఆ తర్వాత ప్రాసెసర్ చేత ఎడతెగని లెక్కలు చేయించి తప్పులు పట్టే ప్రైమ్95ను కొన్ని గంటలపాటు నడిపి, ఒక్క తప్పు కూడా రాలేదని నిర్ధారించుకున్నాకే మీ ఫైళ్లను ఆ యంత్రానికి అప్పగించండి. నెమ్మదిగా నడిచే కంప్యూటర్ కంటే లెక్క తప్పే కంప్యూటర్ చాలా ప్రమాదకరం, ఎందుకంటే ఫైలు చెడిపోయిన సంగతి నెలల తరువాత గాని బయటపడదు.

పని మొదలుపెట్టే ముందు ప్రాసెసర్ సాకెట్‌లో ఉందో, బోర్డుకే అతికించి ఉందో చూడండి. అతికించినదైతే ఈ మార్గం లేనట్టే. పిన్నుల స్థానాలను ఇంటెల్ డోథన్ డేటాషీట్‌లోనే చూసుకోండి, వేరే తరం ప్రాసెసర్ ఫొటోను నమ్మకండి. ఒక్క వరుస తప్పితే తీగ విద్యుత్ సరఫరా పిన్నును తాకుతుంది, అలా జరిగితే ప్రాసెసర్‌తో పాటు బోర్డు కూడా పోవచ్చు. అడాప్టర్, బ్యాటరీ రెండూ తీసేయండి. స్క్రీన్ నల్లగా ఉండిపోతే తీగ తీసేస్తే సాధారణంగా పాత స్థితి తిరిగి వస్తుంది. మరొక మార్పునూ గమనిస్తారు: పని లేనప్పుడు గుణకం 6కు దిగినా వేగం 600 బదులు 800 మెగాహెర్ట్జ్ ఉంటుంది.

ప్రశ్న: నాది పేరు చివర హెచ్ అక్షరం ఉన్న కొత్త కోర్ ఐ7 ల్యాప్‌టాప్. దీనికీ ఇలాంటి తీగ పద్ధతి ఉందా?

జవాబు: లేదు. 2011లో వచ్చిన రెండో తరం కోర్ ప్రాసెసర్లలో 100 మెగాహెర్ట్జ్ మూల క్లాక్‌కే పీసీఐ ఎక్స్‌ప్రెస్, సాటా (డిస్క్‌ను కలిపే దారి) వంటివన్నీ ముడిపడ్డాయి, దాన్ని కొద్ది శాతం కదిపినా ఏదో ఒకటి తడబడేది; తరువాతి తరాల ల్యాప్‌టాప్‌లలోనూ మూల క్లాక్‌ను మార్చే వీలు సాధారణంగా ఉండదు. గుణకం పెంచుకునే స్వేచ్ఛను ఇంటెల్ ప్రధానంగా హెచ్‌కే, హెచ్‌ఎక్స్ వంటి రకాలకే ఇచ్చింది. యంత్రాన్ని మొదట తెరిచే ప్రోగ్రామ్ ఉండే బయోస్ చిప్‌ను ప్రోగ్రామర్ అనే పరికరంతో తిరగరాద్దామన్నా, నాలుగో తరం నుంచి వచ్చిన బూట్ గార్డ్‌ను (బయోస్ అసలైనదేనా అని తనిఖీ చేసే ఏర్పాటు) తయారీదారు అమలు చేసి ఉంటే, మార్చిన బయోస్‌తో యంత్రం తెరుచుకోదు. వోల్టేజి తగ్గించి వేడిని అదుపు చేసే మంచి మార్గం కూడా, 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం వెల్లడయ్యాక, చాలా యంత్రాలలో బయోస్ అప్‌డేట్‌తో మూసుకుపోయింది.

అయితే మీ ప్రాసెసర్ ఇప్పటికే చేయగలిగినదంతా చేస్తోందా అని ఒకసారి చూడండి. అది 100 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటూ ఉంటే, దుమ్ము తీసి, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు మార్చడమే మీకు దొరికే అసలైన ఓవర్‌క్లాకింగ్ (వేగం పెంచడం). థర్మల్ ప్యాడ్లు (ఇతర చిప్‌ల వేడిని హీట్‌సింక్‌కు చేర్చే మెత్తని పట్టీలు) మార్చేటప్పుడు పాతవాటి మందమే వాడండి, కాస్త మందమైనా హీట్‌సింక్ పైకి లేచి ప్రాసెసర్‌ను తాకదు. అల్యూమినియం హీట్‌సింక్ మీద థర్మల్ పేస్టుకు బదులుగా వాడే లిక్విడ్ మెటల్ పూయకండి, అందులోని గాలియం ఆ లోహాన్ని తినేస్తుంది.

ప్రశ్న: బోర్డు మీద కరెంటు కొలిచే రెసిస్టర్‌కు సమాంతరంగా మరొకటి సోల్డర్ చేస్తే పవర్ పరిమితి ఎత్తేయవచ్చని స్నేహితుడు అంటున్నాడు. ప్రయత్నించనా?

జవాబు: దయచేసి ప్రయత్నించకండి. 10 మిల్లీఓమ్‌ల రెసిస్టర్ పక్కన అలాంటిదే మరొకటి చేరితే మొత్తం 5 అవుతుంది, అసలు కరెంటులో సగమే ప్రవహిస్తోందని నియంత్రణ చిప్ నమ్ముతుంది. అడాప్టర్, మాస్ఫెట్లు (కరెంటును నియంత్రించే చిన్న స్విచ్‌లు) తమ శక్తికి మించి మోయడం ఒక ఎత్తు. అంతకంటే భయపడవలసినది, బ్యాటరీ ఛార్జింగ్ కరెంటును కొలిచేది కూడా చూడటానికి ఇలాంటి రెసిస్టరే, తరచు ఆ దగ్గరలోనే ఉంటుంది. పొరపాటున దాని మీద సోల్డర్ చేస్తే లిథియం బ్యాటరీకి నిర్ణయించిన దానికి రెట్టింపు కరెంటు వెళ్లి మంటలు రేగవచ్చు. ప్రాసెసర్ పోతే కొత్తది కొనుక్కోవచ్చు, ఇక్కడ పణంగా పెడుతున్నది మీ ఇంటిని.