మేఘం లేవకముందే మేకులు లెక్కపెట్టుకో

తమ్ముడూ,

ప్రభువు నామంలో వందనాలు. ఉన్న ఉద్యోగం వదిలి వేరే ఊరు వెళ్లడం దేవుని చిత్తమో కాదో ఎలా తెలుసుకోవాలని అడిగావు. సంఖ్యాకాండం 9, 10 అధ్యాయాలు పక్కన పెట్టుకుని ఇది చదువు.

ఇశ్రాయేలీయులు మోషే వెంట అరణ్యంలో ప్రయాణం చేస్తున్నప్పుడు వాళ్ల గుడారపు మందిరం మీద దేవుని మేఘం నిలిచేది. అది లేస్తే బయల్దేరాలి, నిలిస్తే ఆగాలి. ఆ మేఘం ఒక్కోసారి సాయంత్రం నుంచి తెల్లారేదాకానే నిలిచేది. ఒక్కోసారి రెండు రోజులు, నెల, ఏడాది. ఎన్నాళ్లో ముందుగా ఎవరికీ చెప్పలేదు. అందుకే తేదీ చెప్పమని దేవుణ్ణి పట్టుబట్టకు. ఎప్పుడు లెమ్మన్నా లేవగలిగేలా ఉండడమే నీ వంతు.

లేవీ గోత్రంలోని మెరారీయుల్ని చూడు. మందిరం పలకలు, అడ్డకర్రలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, తాళ్లు మోసేది వాళ్లే. ఏ వస్తువు ఎవరిదో పేరుపేరునా అప్పగించమని ఆజ్ఞ (4:32). చిన్న మేకుకి కూడా మోసే మనిషి ఉన్నాడు. మేఘం లేచాక తాడు కోసం వెతుక్కుంటూ కూర్చుంటే వెనక పాళెమంతా, అంటే గుడారాల విడిది అంతా, ఆగిపోతుంది. నీ మేకులేమిటో రాసుకో. ఎవరికెంత బాకీ, ఏ నెలకు తీరుతుంది? అమ్మకు మందులు ఎవరు తెస్తారు? సండేస్కూలు పిల్లల్ని ఎవరికి అప్పగిస్తావు? ఇవి తేల్చకుండా నడిపింపు కోసం ప్రార్థన చేస్తే, జవాబు వచ్చిన రోజున కూడా నువ్వు కదల్లేవు.

వెండి బూరలు రెండు. రెండూ ఊదితే సమాజమంతా గుడారం ద్వారం దగ్గరికి రావాలి, ఒక్కటే ఊదితే ప్రధానులు మాత్రమే. ఆర్భాటంగా ఊదితే ముందు తూర్పు పాళెం కదలాలి, రెండోసారికి దక్షిణపు పాళెం. మేఘం అందరికీ కనిపిస్తూనే ఉంది, అయినా ఎవరికి వారు గుడారం పీకలేదు. మీ ఆవిడతో, సంఘ కాపరితో మాట్లాడకముందే రాజీనామా రాయకు.

మోషే అత్తింటి బంధువు హోబాబు సంగతి చాలామంది దాటేస్తారు. మేఘం ముందు నడుస్తున్నా, అరణ్యంలో ఎక్కడ దిగాలో నీకు తెలుసు, మాకు కన్నులుగా ఉండమని మోషే అతన్ని బతిమాలాడు. అది అవిశ్వాసం కాదు. నువ్వూ ఆ ఊళ్లో ఉన్నవాళ్లను అద్దెలు, బడి, దగ్గర్లో ఉన్న సంఘం గురించి అడుగు.

జీతం గురించి భయపడుతున్నావు కాబట్టి మన్నా గురించి, అంటే అరణ్యంలో దేవుడు రోజూ కురిపించిన ఆహారం గురించి, ఒక మాట (నిర్గమకాండం 16). తలకు ఓమెరు (అప్పటి ఒక కొలత) చొప్పున ఏరుకోమన్నాడు. మర్నాటికి దాచుకున్నది పురుగుపట్టి కంపుకొట్టింది. ఆరో రోజున రెండేసి ఓమెర్లు ఏరి దాచితే చెడలేదు. దాచడం రెండుసార్లూ ఒకటే. మొదటిది మాట మీరి చేసింది, రెండోది మాట విని చేసింది.

అన్నిటికంటే నాకు భయం కలిగించేది సంఖ్యాకాండం 14వ అధ్యాయం. దేవుడు కనాను దేశంలోకి వెళ్లమన్నప్పుడు ప్రజలు జడిసి ఆగారు. వద్దన్నాక, తెల్లవారుజామున లేచి కొండెక్కారు. మందసం (దేవుని నిబంధన పెట్టె) పాళెంలోంచి కదల్లేదు, మోషే కదల్లేదు. అమాలేకీయులు, కనానీయులు వాళ్లను హోర్మా దాకా కొట్టి తరిమారు. పోయినేడు చేజారిన అవకాశం నిన్ను బాధపెడుతోందని తెలుసు. ఆ బాధతో ఇప్పుడు దీనికి ఒప్పుకోవద్దు.

ముందు ఆ బాకీల కాగితం రాయి. ఆదివారం ఆరాధన అయ్యాక తీసుకురా, కూర్చుని చూద్దాం.

అన్న