ప్రైవేటు ల్యాబ్‌లో డెంగీ పాజిటివ్ వస్తే మనం కూడా చెప్పాలా?

పక్కింటి పిల్లాడికి ప్రైవేటు ల్యాబ్‌లో డెంగీ పాజిటివ్ వచ్చింది, ఆస్పత్రి వాళ్లే ఆరోగ్య శాఖకి చెప్తారా, మనం చెప్తే ఏమైనా తలనొప్పా అని అడిగారు. చెప్పాల్సిన బాధ్యత ఆస్పత్రిది, ల్యాబ్‌ది. అయినా ఆ ఇంటివాళ్లని కూడా చెప్పమనండి. ఎందుకంటే తేడా కొట్టేది ఎక్కువగా అడ్రస్ దగ్గరే.

మా తమ్ముడు వాళ్లు తిరుపతి కొర్లగుంటలో అద్దెకుంటారు. వానల్లో పాపకి జ్వరం వచ్చి ఆస్పత్రిలో చేర్చారు. కౌంటర్‌లో ఆధార్ చూసి కుప్పం అడ్రస్ ఎక్కించేశారు. రిపోర్టు కాస్తా చిత్తూరు జిల్లాకి పోయింది. అక్కడి ఏఎన్‌ఎం (ఊళ్లో ఆరోగ్య కార్యకర్త) ఫోన్ చేసి "మీ ఇంటికొచ్చాం సార్, తాళమేసి ఉంది" అంటే గానీ మావాడికి సంగతి తెలీలేదు. దోమేమో కొర్లగుంటలో, దోమల మందు కొట్టేవాళ్లు కుప్పంలో! డెంగీ దోమ మహా అయితే కొన్ని వందల మీటర్లు ఎగురుతుంది. పాప ఇప్పుడు ఉంటున్న వీధి ఏదో తెలియకపోతే ఆ రిపోర్టు ఎవరికీ పనికిరాదు.

మావాడు వార్డు సచివాలయానికి పోయి హెల్త్ సెక్రటరీకి రిపోర్టు చూపించాడు. ఆమె అడిగినవి పాప వయసు, జ్వరం మొదలైన తేదీ, అంతకుముందు రెండు వారాల్లో ఊరికి ఏమైనా వెళ్లారా, ఇంటి గుర్తు. అంతే. తర్వాత మలేరియా విభాగం వాళ్లు వచ్చి ఇంట్లో దోమల మందు కొట్టారు, చుట్టుపక్కల ఎవరికైనా జ్వరాలున్నాయా అని ఇల్లిల్లూ అడిగారు. వచ్చినాయన మిద్దె మీద డ్రమ్ములోకి టార్చి వేయగానే, పైన తేలుతున్న సన్న పురుగులు, అవే దోమ పిల్లలు, గిలగిలా మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. మురుగు కాదు, తాగడానికి పట్టుకున్న మంచి నీళ్లే. ఒట్టి ఫాగింగ్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అది ఎగిరే దోమనే చంపుతుంది, డ్రమ్ములో పురుగు అలాగే ఉంటుంది. శుక్రవారం డ్రై డే అని నీళ్లు పారబోసి తొట్లు కడగమనేది అందుకే.

కార్డు టెస్టులో (అప్పటికప్పుడు చేసే ర్యాపిడ్ టెస్టు) పాజిటివ్ వచ్చిందని సర్కారు లెక్కలో వెంటనే డెంగీ అని రాయరు, ఎలైజా అనే ల్యాబ్ రక్త పరీక్షలో తేలాలి. జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్‌ఎస్1 (వైరస్ ప్రోటీన్), ఆ తర్వాత ఐజీఎం (ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) చూస్తారు. కాబట్టి చెప్పేటప్పుడే, ఎలైజాకి మళ్లీ రక్తం ఇవ్వాలా, ఎక్కడివ్వాలి అని అడిగేయమనండి. ఇక్కడ తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ, రుయా ఆస్పత్రి ఉన్నాయి కాబట్టి మరీ దూరం పోయే పని పడదు. రిపోర్టు కోసం వైద్యం మాత్రం ఆపొద్దు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి సొంతంగా వేయొద్దు. పిల్లాడిని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టాలి. ఈ దోమ ఎక్కువగా కుట్టేది పగలే. ఆ పిల్లాడిని కుట్టిన దోమే కొన్నాళ్లకి మీ ఇంట్లో వాళ్లని కుట్టి డెంగీ అంటించొచ్చు.

ఇక తలనొప్పి సంగతి. కోవిడ్ రోజుల్లోలా ఇంటికి కంచె కట్టరు. ఇది మనిషి నుంచి మనిషికి నేరుగా అంటదు. మా తమ్ముడి ఇంటి ఓనర్ మాత్రం "వీధిలో పరువు తీశారు" అని కాస్త గొణిగాడు. ఆ డ్రమ్ము ఆయనదేలెండి.

సచివాలయంలో పట్టించుకోకపోతే జిల్లా మలేరియా అధికారి ఆఫీసుకి గానీ, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసుకి గానీ పోవచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక తిరుపతికి, చిత్తూరుకి ఈ ఆఫీసులు వేరువేరు. మీ వీధి ఏ జిల్లాలోకి వస్తుందో చూసుకుని పోండి. రిపోర్టు జిరాక్స్ మీద ఇప్పుడుంటున్న అడ్రస్ పెన్నుతో పెద్దగా రాసివ్వండి.