శ్రీకాకుళం పెరట్లో ఆర్టిచోక్ కాస్తుందా?

సముద్రం దగ్గరే ఉన్నాం, మంచు పడదు, కాబట్టి ఆర్టిచోక్‌కు కావలసిన సమశీతోష్ణం మాకుంది కదా అని అడిగారు. కాస్తుంది కానీ, విత్తనాల పొట్లం మీద రాసే ఆ వాతావరణం మనది కాదండీ. ఇది మధ్యధరా తీరపు మొక్క, తినేది దాని పూమొగ్గనే. అమెరికాలో దీనికి పేరుపడ్డ కాస్ట్రోవిల్‌లో వేసవిలోనూ సముద్రపు పొగమంచు కమ్ముతుంది. మన సముద్రం ఏప్రిల్‌లో పంపేది ఉక్కపోత! అక్కడ ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కాస్తుంది. నేను విజయనగరంలో కాలీఫ్లవర్‌లాగే శీతాకాలపు పంటగా వేస్తాను.

అసలు చిక్కు చలితోనే. మొగ్గ తొడగాలంటే మొక్కకు ముందుగా చాలా గంటల పాటు 10 డిగ్రీల లోపు చలి తగలాలి. మన జనవరి రాత్రులకు అంత శక్తి లేదు. అందుకని ఆగస్టులో విత్తనాలు నానబెట్టి, తడి ఇసుకలో కలిపి, డబ్బాలో పోసి కొన్ని వారాలు ఫ్రిజ్‌లో ఉంచుతాను. (పెరుగు గిన్నె పక్కన మట్టి డబ్బా ఏమిటని మా అత్తగారు ఏటా అడుగుతారు.) రకం ‘ఇంపీరియల్ స్టార్’ అయితే మేలు. తక్కువ చలితో మొదటి ఏడాదే మొగ్గ వేసేలా తయారుచేసిన రకం అది.

సెప్టెంబరులో నారు సంచుల్లో పెంచండి. నేలలో నాటడానికి తొందరపడకండి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. ఆ గండం గడిచాక, మూడడుగుల ఎడంలో ఎత్తు బోదెల మీద నాటాలి. మొక్క మొదలు దగ్గర నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. పేనుబంకకు వేపనూనె చాలు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొగ్గలు వస్తాయి. ఫొటోల్లో చూసినంత పెద్దవి రావు. రేకులు విచ్చుకోకముందే కోయండి, ఎండ ముదిరితే పీచు తేలుతుంది. ఉప్పు, నిమ్మరసం వేసి ఉడికించి, ఒక్కో రేకు అడుగున ఉన్న గుజ్జును ములక్కాడలా పళ్లతో గీరి తినాలి. లోపలి నూగు తీసేస్తే అడుగు భాగం మెత్తగా, కమ్మగా ఉంటుంది. కూరకు మాత్రం దీన్ని నమ్ముకోకండి. అదే చోట వంగ వేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది.

మీది ఇసుక నేల అన్నారు కాబట్టి పశువుల ఎరువు దండిగా వేసి, రెండు కుదుళ్లతో మొదలుపెట్టండి.