వర్చువల్ ప్రపంచాల్లో బోధన, పరిశోధన: బీటెక్ తర్వాత ఈ దారి పట్టవచ్చా?

ప్రశ్న: మాది పరకాల. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. మా బిడ్డ హన్మకొండలోని ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతోంది. తోటివాళ్లంతా క్యాంపస్ ఇంటర్వ్యూలకు సిద్ధమవుతుంటే, తను మాత్రం రామప్ప గుడిని కంప్యూటర్‌లో కడుతోంది. విద్యార్థులు అవతార్ల (తెర మీద తమకు మారుగా తిరిగే బొమ్మల) రూపంలో అందులోకి వచ్చి, తిరుగుతూ, మాట్లాడుకుంటూ పాఠం నేర్చుకోవాలట. ఉన్నత విద్యలో ఇలాంటి వర్చువల్ ప్రపంచాల వాడకంపై పరిశోధన చేసి అధ్యాపకురాలు కావాలన్నది తన కోరిక. ఒక శిక్షణ సంస్థ మెటావర్స్ (ఇలాంటి వర్చువల్ ప్రపంచాలకు వాడే మరో పేరు) సర్టిఫికెట్ కోర్సుకు లక్షన్నర ఫీజు చెప్పింది. ఇది చదువా, ఆటా? ఆ డబ్బు కట్టమంటారా?

జవాబు: ముందు డబ్బు సంగతి చెబుతాను. కట్టకండి. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ సంస్థ తన పేరును మెటాగా మార్చుకున్న తర్వాత ‘మెటావర్స్’ అన్న మాటకు గిరాకీ పెరిగింది, దాని వెంటే కోర్సులూ పుట్టుకొచ్చాయి. ఆ కోర్సుల్లో నేర్పే, త్రీడీ నమూనాలు తయారుచేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. ఆ నమూనాలతో వర్చువల్ ప్రపంచాలు కట్టే యూనిటీ, అన్‌రియల్ ఇంజిన్లను కూడా విద్యార్థులు రూపాయి కట్టకుండా నేర్చుకోవచ్చు. పైగా అధ్యాపక నియామకాల్లో ఆ సర్టిఫికెట్‌కు విలువ ఉండదు.

చదువా, ఆటా అన్న మీ సందేహం సబబైనదే అయినా, విశ్వవిద్యాలయాలు ఈ దారిలో అడుగుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. లిండెన్ ల్యాబ్ అనే అమెరికన్ సంస్థ 2003లో ‘సెకండ్ లైఫ్’ అనే ఆన్‌లైన్ వర్చువల్ ప్రపంచాన్ని ప్రారంభించింది. అందులో గెలుపు ఓటములు ఉండవు. స్థలం తీసుకుని భవనాలు కట్టుకోవచ్చు, సభలు పెట్టుకోవచ్చు. 2006లో హార్వర్డ్‌లో చార్లెస్ నెస్సన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు తన కుమార్తె రెబెకాతో కలిసి ఒక కోర్సును కొంత భాగం అందులోనే నడిపారు. దూరాన ఉన్న విద్యార్థులు అవతార్లుగా వచ్చి తరగతిలో కూర్చున్నారు. (తండ్రీ కూతుళ్లు కలిసి చేసిన పని కాబట్టి మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను.) ఇదంతా జరిగింది మామూలు కంప్యూటర్ తెర మీదే కనుక, తలకు పెట్టుకునే వర్చువల్ రియాలిటీ (వీఆర్) హెడ్‌సెట్ కొనిస్తే తప్ప పని మొదలు కాదని మీ అమ్మాయి అంటే ఒప్పుకోకండి.

ఆ తర్వాత జరిగినది ఆమె ఇంకా శ్రద్ధగా తెలుసుకోవాలి. విద్యాసంస్థలకు సగం ధరకే ఇస్తున్న స్థలంపై ఆ రాయితీని ఎత్తివేస్తున్నట్టు 2010 అక్టోబరులో లిండెన్ ల్యాబ్ ప్రకటించింది. 2013లో మళ్లీ ఇచ్చినప్పటికీ, ఈలోగా ఎన్నో విశ్వవిద్యాలయాలు అక్కడి నుంచి తప్పుకున్నాయి. వాటిలో కొన్ని ‘ఓపెన్ సిమ్యులేటర్’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారి తమ ప్రపంచాలను మళ్లీ మొదటి నుంచి కట్టుకున్నాయి. మైక్రోసాఫ్ట్ చేతిలో ఉన్న ఆల్ట్‌స్పేస్ వీఆర్ అనే మరో వేదిక 2023 మార్చిలో మూతపడింది. బ్రౌజర్‌లోనే తెరుచుకునే మొజిల్లా హబ్స్ 2018లో వచ్చింది, 2024 మే నెలాఖరుకు ఆ సేవను మొజిల్లా ఆపేసింది. ఒక వేదిక మీదే జీవితాన్ని ఆనించిన అధ్యాపకుడు ఆ వేదికతో పాటే మళ్లీ సున్నా దగ్గరకు వస్తాడు. అందువల్ల ఏ వేదిక మీద పని చేసినా, తాను కట్టినదాన్ని ఫైలుగా బయటకు తీసుకుని మరోచోట తెరవగలదో లేదో మొదటి రోజే చూసుకోవాలి. ఓపెన్ సిమ్యులేటర్‌లో ఒక ప్రాంతం మొత్తాన్ని ఒకే ఫైలుగా భద్రపరుచుకునే వీలుంది. రామప్ప నమూనా అసలు ప్రతి ఎప్పుడూ బ్లెండర్ ఫైలుగా ఆమె దగ్గరే ఉండాలి.

ఒకసారి ఒక ఇంజనీరింగ్ కళాశాలకు కెరీర్ ప్రసంగానికి వెళ్లినప్పుడు, తలుపు మీద వర్చువల్ రియాలిటీ ల్యాబ్ అని బోర్డు చూసి లోపలికి వెళ్లాను. ఎనిమిది హెడ్‌సెట్లు ఉక్కు బీరువాలో ఉన్నాయి, తాళంచెవి సెలవులో ఉన్న అటెండర్ దగ్గర ఉంది. ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథి పెట్టుకున్న హెడ్‌సెట్‌కు పసుపు కుంకుమ మరకలు ఇంకా అలాగే ఉన్నాయని విద్యార్థులు నవ్వుతూ చెప్పారు. పరికరాలు కొన్నారు గానీ, వాటితో ఏ పాఠం చెప్పాలో ఒక్కరూ రాసి పెట్టలేదు. మీ అమ్మాయి అవసరం అక్కడే ఉంది.

ఆమె ఎంచుకున్న రామప్పనే తీసుకుందాం. కాకతీయుల కాలంలో 1213లో నిర్మాణం మొదలైన ఈ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. విమానానికి (గర్భగుడి మీది గోపురానికి) వాడిన తేలిక ఇటుకల గురించి మీరు తరగతిలో చెప్పే ఉంటారు. ఆ ఇటుక బరువు చేతికి తెలియాలి. తెర మీద ఎంత అందంగా గీసినా మామూలు ఇటుకకూ దానికీ తేడా అరచేతికి అందదు. కాబట్టి వర్చువల్ గుడిలో ఇటుక పాఠం పెట్టడం వృథా. పునాది కింద ఇసుక నింపిన తీరు మాత్రం గుడి ఉన్న పాలంపేట వెళ్లిన యాత్రికుడికి కనిపించదు. దాన్ని పొర పొరగా విప్పి చూపడం, కప్పు బరువు కొంత పెంచి ఒత్తిడి ఎటు పోతుందో సివిల్ విద్యార్థుల చేతనే ప్రయోగం చేయించడం, పైనున్న మదనికల (స్త్రీ శిల్పాల) ఎత్తుకు అవతార్‌ను చేర్చి శిల్పాన్ని దగ్గరగా చూపడం వర్చువల్ ప్రపంచానికే చెల్లుతాయి. ఈ ఎంపిక తెలిసినవాళ్లను బోధకులంటాం. తెలియనివాళ్లు బొమ్మలు గీసేవాళ్లుగానే మిగిలిపోతారు.

ఇక పరిశోధన. వర్చువల్ ప్రపంచంతో పాఠం చెబితే విద్యార్థులు ఎంత నేర్చుకున్నారని అడగడం ఒక తీరు. ఆ ప్రపంచంలో మనుషులు ఎలా ప్రవర్తిస్తున్నారని గమనించడం మరో తీరు. 2005 సెప్టెంబరులో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అనే ఆన్‌లైన్ ఆటలో ఒకచోటికే పరిమితం కావలసిన అంటురోగ మంత్రం, ఆటగాళ్ల పెంపుడు జంతువుల ద్వారా నగరాలకు పాకింది. కొందరు పారిపోతూ రోగాన్ని వెంట తీసుకెళ్లారు, కొందరు వింత చూడటానికి వచ్చి అంటించుకున్నారు. ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మాన్ అనే పరిశోధకులు 2007లో ‘లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్’ అనే వైద్య పత్రికలో దీని గురించి రాస్తూ, మహమ్మారుల్లో మనుషుల ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి ఇలాంటి ప్రపంచాలు పనికొస్తాయని చూపారు. అదే ఏడాది నిక్ యీ, జెరెమీ బేలెన్సన్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో, పొడవైన అవతార్ దొరికినవారు బేరాల్లో ఎక్కువ పట్టుదల చూపినట్టు తేలింది. అలాంటప్పుడు తరగతిలో ఎవరికి ఏ అవతార్ ఇవ్వాలన్నది అలంకారానికి సంబంధించిన విషయం కాదు, బోధనకు సంబంధించినది. ఏ తీరు ఎంచుకున్నా, అవతార్ వెనుక ఉన్నది నిజమైన విద్యార్థి కాబట్టి, సంస్థ నైతిక కమిటీ అనుమతి, పాల్గొనేవారి సమ్మతి లేకుండా ఎవరి మాటలనూ రికార్డు చేయరాదు.

ఉద్యోగం మాటకొస్తే, వర్చువల్ ప్రపంచాల అధ్యాపకులు అనే పోస్టుకు నోటిఫికేషన్ వస్తుందని ఎదురుచూడవద్దు. పోస్టులు శాఖల వారీగా వస్తాయి. ఆమె నియామకం కంప్యూటర్ సైన్స్‌లోనే జరుగుతుంది. ఇంజనీరింగ్ కళాశాలలో సహాయ ఆచార్యురాలిగా చేరాలంటే, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం బీటెక్, ఎంటెక్ రెండూ ఉండి వాటిలో కనీసం ఒకదానిలో ప్రథమ శ్రేణి రావాలి. అందుకని రామప్ప ఎంత రమ్మని పిలిచినా ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష చదువు ఆగకూడదు. డిజైన్ వైపు మొగ్గితే సీడ్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల ఎండిజైన్ (డిజైన్‌లో పీజీ) ఉంది. బోధనా సాంకేతికతలోనే పీహెచ్‌డీ చేయాలనుకుంటే ఐఐటీ బొంబాయిలో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. క్యాంపస్ ఉద్యోగం వస్తే రెండేళ్లు చేయడంలో నాకు అభ్యంతరం లేదు. త్రీడీ సిమ్యులేషన్ చేసే సంస్థ అయితే మరీ మంచిది, జీతం తీసుకుంటూ పని నేర్చుకుంటుంది.

ఈలోగా కేంద్ర విద్యాశాఖ ఉచితంగా నడిపే వర్చువల్ ల్యాబ్స్ (తెర మీదే ప్రయోగాలు చేసే వెబ్‌సైట్)లో ఒక ప్రయోగం ముందు తనకన్నా చిన్న తరగతి విద్యార్థులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ఎవరు ఎక్కడ ఆగిపోయారో నోటు పుస్తకంలో రాసుకోమనండి. అవి అవతార్లు తిరిగే ప్రపంచాలు కావు గానీ, తెర ముందు విద్యార్థి ఎలా తడబడతాడో అక్కడా ఇక్కడా ఒకటే.

ఆమె లక్ష్యం ఉన్నత విద్యే అయినా తొలి సాధనకు మీ బడి చాలు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఏడో తరగతి రెండు సెక్షన్లకూ ముందుగా పది ప్రశ్నల చిన్న పరీక్ష పెట్టి, ఒక సెక్షన్‌కు మీరు ఎప్పటిలాగే కాకతీయుల పాఠం చెప్పండి, రెండో సెక్షన్‌కు ఆమె నమూనాతో చెప్పనివ్వండి. పాఠం అయ్యాక అవే పది ప్రశ్నలు, మూడు వారాలు గడిచాక మళ్లీ అవే ప్రశ్నలు అడగండి. మూడోసారి వచ్చే జవాబులే ఆమెకు అసలు సమాచారం. జవాబు పత్రాలు మీరు దిద్దేముందు, ఏది ఏ సెక్షన్‌దో మీకు తెలియకుండా పేర్లున్న అంచును మడిచి పిన్ను కొట్టే పని ఆమెకు అప్పగించండి.