రాగి, వెండి అయాన్లు బ్యాక్టీరియాను చంపుతాయా? రిపోర్టును నమ్మొచ్చా?

మీరు అడిగినవి రెండు: నీళ్లలో కరిగిన రాగి, వెండి బ్యాక్టీరియాను ఎలా చంపుతాయి, అలాంటి నీళ్లకు "కోలిఫామ్ లేదు" (కోలిఫామ్ అంటే నీళ్లు కలుషితమయ్యాయని సూచించే బ్యాక్టీరియా) అని రిపోర్టు వస్తే దాన్ని నమ్మొచ్చా అని. నీటి పరీక్షల ల్యాబ్‌లో మైక్రోబయాలజీ వైపు చాలాకాలం పనిచేశాను కాబట్టి రెండోదాని మీదే నేను ఎక్కువ చెప్పగలను.

చంపుతాయి, అందులో అనుమానం లేదు. రాగి తగిలిన నీళ్లలో స్పైరోగైరా అనే నాచు చచ్చిపోవడాన్ని స్విస్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ నేగెలి వివరంగా రాశాడు. ఆయన పోయాక 1893లో అది అచ్చయింది. అయితే పని చేసేది లోహపు ముక్క కాదు, దాన్నుంచి నీళ్లలోకి దిగిన అయాన్లు. వెండి అయాన్ ప్రోటీన్లలో గంధకం ఉన్న చోటును గట్టిగా పట్టుకుంటుంది. దాంతో శ్వాసక్రియ నడిపే ఎంజైములు ఆగిపోతాయి, కణపు పొర దెబ్బతింటుంది. రాగి బ్యాక్టీరియా కణం లోపలికి వెళ్లి ఇనుము, గంధకం కలిసి ఉండే ఎంజైములను పాడుచేస్తుంది. పైగా ఎలక్ట్రాన్లను తీసుకుంటూ వదులుతూ కణాన్ని దెబ్బతీసే హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టడానికి కారణమవుతుంది.

బ్యాక్టీరియా మాత్రం ఊరికే కూర్చోదు. రాగి కొద్దిగా దానికీ కావాలి, ఎక్కువైతే విషం. అందుకే ఈ.కొలై అనే బ్యాక్టీరియాలో ఎక్కువైన రాగిని బయటికి తోసే పంపులు ఉన్నాయి. వాటిలో కస్ అనే వ్యవస్థ వెండిని కూడా తోసేస్తుంది. ఇనుము సంగతి అయితే దాదాపు తలకిందులు: చాలా బ్యాక్టీరియాకు అది ఆహారంలో భాగం, గాలియోనెల్లా లాంటివి కరిగిన ఇనుమును ఆక్సీకరించి ఆ శక్తితోనే బతుకుతాయి. "నీళ్లలో లోహం ఉంది కదా, క్రిములు ఉండవులే" అనే మాట వింటే నాకు టెన్షన్ వచ్చేది ఇందుకే.

అసలు కీలకం ఎంత లోహం ఉందన్నది కాదు, అందులో ఎంత స్వేచ్ఛగా అయాన్ రూపంలో ఉందన్నది. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు దీన్ని చేసి చూపించేదాన్ని. రెండు ఫ్లాస్కుల్లో ఒకే మోతాదు రాగి, ఒకే మోతాదు ఈ.కొలై. ఒకదానిలో డిస్టిల్డ్ వాటర్, రెండోదానిలో న్యూట్రియంట్ బ్రాత్, అంటే బ్యాక్టీరియా పెరగడానికి వాడే పోషక ద్రవం. మర్నాటికి బ్రాత్ చిక్కగా మసకబారి ఉంటుంది, అంటే బ్యాక్టీరియా హాయిగా పెరిగిందన్నమాట. డిస్టిల్డ్ వాటర్ నుంచి తీసి ప్లేట్ చేస్తే ఏమీ రాదు. బ్రాత్‌లోని అమైనో ఆమ్లాలు, పెప్టైడ్లు రాగిని పట్టేసుకుంటాయి, బ్యాక్టీరియాకు తగిలేది మిగలదు. వెండికి క్లోరైడ్ పడదు. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఉప్పునీళ్లు వేయగానే తెల్లగా పాలలా మారి సిల్వర్ క్లోరైడ్ అడుగుకు దిగుతుంది. క్షారగుణం ఎక్కువున్న నీళ్లలో కార్బొనేట్ రాగిని లాగేసుకుంటుంది, పీహెచ్ 8.5 దాటితే దాని దెబ్బ బాగా తగ్గిపోతుంది. రిపోర్టులో కనిపించే "మొత్తం రాగి" అంకె మాత్రం నమూనాలో నైట్రిక్ ఆమ్లం కలిపి కొలిచింది. వేరే పదార్థాలకు అతుక్కుని ఉన్న రాగి కూడా అందులో లెక్కకొస్తుంది. ఆ అంకె చూసి క్రిములు చచ్చాయని తేల్చలేం.

సమయం కూడా కావాలి. భవనాల పైపుల్లో లీజియోనెల్లా అనే, జబ్బు తెచ్చే బ్యాక్టీరియాను అదుపు చేయడానికి రాగి, వెండి అయాన్లను కలిపి వాడతారు. మామూలుగా లీటరుకు రాగి 0.2 నుంచి 0.8 మిల్లీగ్రాములు, వెండి 0.01 నుంచి 0.08 మిల్లీగ్రాములు. తాగునీటిలో రాగికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 2 మిల్లీగ్రాములు. ఇంత తక్కువతో పని జరిగేది నీళ్లు ఎప్పుడూ పైపుల్లో ఉంటాయి, అయాన్లు ఎడతెగకుండా తగులుతూ ఉంటాయి కాబట్టి.

ఇక రిపోర్టు. నమూనా సీసాలో పోశాక కూడా రాగి పని ఆపదు. ల్యాబ్‌కు చేరే దారిలోనే కొంత బ్యాక్టీరియా చనిపోతుంది, ఫలితం ఉన్నదానికంటే శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే లోహాలు ఎక్కువున్న నీళ్లకు సీసాలో ముందే ఈడీటీఏ అనే, లోహాలను పట్టేసుకునే రసాయనం వేస్తారు. క్లోరిన్‌ను ఆపే సోడియం థయోసల్ఫేట్ ఉంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు గానీ, రాగిని అది సరిగా ఆపదు. రెండో చిక్కు ఇంకా ముఖ్యం: రాగి వల్ల దెబ్బతిన్న కణాలన్నీ చావవు. కోలిఫామ్‌ను పెంచి లెక్కపెట్టే ఎమ్-ఎండో మీడియం మీద కోలిఫామ్ కాలనీలు ఆకుపచ్చ లోహపు మెరుపుతో స్పష్టంగా కనిపిస్తాయి. గాయపడ్డ కణాలు ఆ మీడియంలోని ఘాటైన పదార్థాలను తట్టుకోలేక అసలు రావు. టీ7 లాంటి, అంత ఘాటు లేని మీడియం మీద అదే నమూనాను వడపోసి పెడితే కాలనీలు వస్తాయి. మొదటి ప్లేట్ ఖాళీగా ఉండి, పక్క ప్లేట్ మీద పసుపు కాలనీలు వరుసగా కనిపించినప్పుడు, ఆ ఒక్క ఖాళీ ప్లేట్‌ను చూసి ఎవరో ఆ నీళ్లు తాగి ఉండేవారు కదా అనిపించేది.

కాబట్టి మీ నీళ్లలో రాగి లేదా వెండి ఉంటే, ఈడీటీఏ వేసిన సీసా ఇమ్మని ల్యాబ్‌ను ముందే అడగండి, గాయపడ్డ కోలిఫామ్‌కు కూడా చూస్తారా అని కనుక్కోండి. జియార్డియా, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవుల సిస్టుల (గట్టి పొరతో ఉండే రూపాల) మీద ఈ మోతాదు అయాన్లను నమ్ముకోవద్దు, వాటికి మరిగించడమో సరైన ఫిల్టరో కావాలి.