వరంగల్‌లో పాత భవనం కూల్చాలని కౌన్సిల్ తీర్మానిస్తే ఇక ఆపలేమా?

మీ వాడలోని నిజాం కాలపు భవనాన్ని తీసేసి షాపింగ్ కాంప్లెక్స్ కట్టే ప్రతిపాదన కౌన్సిల్ ముందుకు వస్తోందని, ఇక అయిపోయినట్టేనా అని అడిగారు. కాలేదు. తీర్మానం ఒక్కటే సరిపోదు.

ముందు స్థలం ఎక్కడుందో చూడండి. ఖిలా వరంగల్, వేయి స్తంభాల గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. వాటి రక్షిత హద్దు నుంచి 100 మీటర్లలోపు కొత్త కట్టడం కుదరదు. ఆపై మరో 200 మీటర్ల దాకా ముందస్తు అనుమతి కావాలి. అంతకంటే దూరమైతే, 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కింద ఆ భవనానికి రక్షణ ఉందేమో కనుక్కోవాలి.

అసలు పేచీ, కూల్చడానికి కారణంగా చూపే 'శిథిలావస్థ' అన్న మాటతోనే వస్తుంది. డంగు సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూత వేస్తే లోపలి చెమ్మ బయటికి పోదు. పూత ఉబ్బి పెచ్చులు ఊడుతుంది, చూసినవాళ్లు గోడే పోయిందనుకుంటారు. చాలాసార్లు ఆ పూత తీసి మళ్లీ సున్నం వేస్తే గోడ నిలుస్తుంది. దూలాలకు చెద పట్టిందా, పునాది కుంగిందా అన్నది వేరే సంగతి, అది నిజంగానే ప్రమాదం. అందుకే సున్నం కట్టడాలు తెలిసిన ఇంజినీరుతో పరీక్ష చేయించమని పట్టుబట్టండి. ఇప్పటికే నివేదిక ఉంటే సమాచార హక్కు కింద అడగండి, మామూలుగా 30 రోజుల్లో ఇవ్వాలి.

ఆలస్యం మాత్రం చేయకండి. 1886లో కట్టిన మన సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం నేలమట్టం చేశారు. ఆసుపత్రి అవసరమే, కానీ ఒక్క భాగమైనా ఉంచాల్సిందని నా అభిప్రాయం. సమావేశానికి ముందే మీ కార్పొరేటర్‌కు, కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.